నాడు సూపర్ కంప్యూటర్.. నేడు జేబులో ఫోన్! చెస్‌లో సీన్ ఎలా మారింది?

ఉప్పలగుప్తం: ఇంట్లో వాడే కంప్యూటర్ చెస్‌లో సూపర్ కంప్యూటర్‌ను ఎప్పటికి అందుకుంటుంది? ఒకప్పుడు ఇదో పెద్ద ప్రశ్న. ఇప్పుడు దానికి జవాబు మీ చేతిలో ఉన్న ఫోనే.

1997 మే నెల. ఐబీఎం సూపర్ కంప్యూటర్ ‘డీప్ బ్లూ’ అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3.5-2.5తో ఓడించింది. అందులో చెస్ కోసమే తయారుచేసిన చిప్‌లు 480. సెకనుకు 20 కోట్ల పొజిషన్లు లెక్కగట్టేది.

తొమ్మిదేళ్లకే..

2006లో జర్మనీలోని బాన్‌లో ‘డీప్ ఫ్రిట్జ్’ ప్రోగ్రామ్ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్‌ను 4-2తో ఓడించేసింది. అది నడిచింది షాపులో దొరికే ఇంటెల్ ప్రాసెసర్ల మీదే. 2009లో బ్యూనస్ ఎయిర్స్ టోర్నీలో ‘పాకెట్ ఫ్రిట్జ్ 4’ మొబైల్ ఫోన్ మీద ఆడి 10 గేముల్లో 9.5 పాయింట్లు కొట్టింది. అది చూసింది సెకనుకు 20 వేల లోపు పొజిషన్లే!

స్పీడ్ కాదు, తెలివి

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పనికిరాని ఎత్తుల్ని ముందే పక్కన పెట్టేయడం ప్రోగ్రామ్‌లు నేర్చుకున్నాయి. ఉచితంగా దొరికే ‘స్టాక్‌ఫిష్’కి 2020లో న్యూరల్ నెట్‌వర్క్ కూడా తోడైంది. ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

మరి మన పిల్లల సంగతేంటి?

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. అప్పట్లో జేబులో ఇలాంటి ఇంజిన్ లేదు, తండ్రి అశోకే కోచ్. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2801 రేటింగ్ అందుకున్నాడు. ఈ తరానికి ఇంజిన్ మామూలు విషయం.

అయితే ఇంజిన్ ఏ ఎత్తు మంచిదో చెబుతుంది, ఎందుకు మంచిదో చెప్పదు. 2024లో ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్ టీమ్‌లో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ ఉన్నది అందుకే. ఇంజిన్ ఇద్దరు ప్లేయర్ల దగ్గరా ఉంటుంది. దాని మాటను మనిషి బుర్రకు ఎక్కేలా చెప్పేవాళ్లే తక్కువ.

ఇంకో ముప్పు మోసం. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓ గ్రాండ్‌మాస్టర్ టాయిలెట్‌లో ఫోన్ వాడుతూ దొరికిపోయాడు. టైటిల్ కూడా పోయింది.

అంటే కోనసీమ పల్లెల్లో పిల్లలకు ఇవాళ మెషీన్ కొరత లేదు. కొరతల్లా ఎదురుగా కూర్చుని ఆడే తోడు, దగ్గర్లో టోర్నీలు, చెప్పే కోచ్. పేరెంట్స్‌కు ఒక్కటే మాట: ముందు గేమ్ ఆడనివ్వండి, తప్పు ఎక్కడ జరిగిందో పిల్లల్నే వెతకనివ్వండి. ఇంజిన్ ఆన్ చేయడం ఆ తర్వాతే.