నిలవ పెట్రోలుకు ఆయిలు విరుగుడు కాదు



ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు బోట్లు ఒడ్డునే ఉంటాయి. నిషేధం ఎత్తేశాక పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటార్లు తాడు ఎంత లాగినా మొరాయించడం, కొన్ని నీళ్లమీదికి వెళ్లాక పట్టేయడం రేవుల్లో తెలిసిన గోడే. దానికి చెప్పుకునే కారణం ఒక్కటే: ఆయిలు చాలలేదట. అందుకే ఈసారి ఇంకాస్త ఎక్కువ పోస్తారు. ఇప్పటి పెట్రోలుతో ఆ వైద్యం పనిచేయదని నా వాదన. ఆయిలు కొలత ముఖ్యమే గానీ, అంతకన్నా ముందు చూడాల్సింది ఆ పెట్రోలు ఎన్నాళ్లనాటిదని.

టూ స్ట్రోక్ ఇంజనుకు అడుగున వేరే ఆయిలు ఉండదు. క్రాంకు బేరింగులు, పిస్టను అరిగిపోకుండా కాపాడేది పెట్రోలులో కలిసి వచ్చే ఆయిలే. ఇవాళ బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది. సముద్రపు గాలికి సగం ఖాళీ ట్యాంకు తోడైతే ఇక చెప్పేదేముంది! నీరు ఒక హద్దు దాటాక ఇథనాలు, నీరు కలిసి పెట్రోలును వదిలి అడుక్కి దిగిపోతాయి. ఆయిలు మాత్రం పైన పెట్రోలులోనే మిగులుతుంది. ఇంజనుకు వెళ్లే గొట్టం పీల్చేది అడుగు నుంచే కాబట్టి, ముందుగా లోపలికి వెళ్లేది చుక్క ఆయిలు లేని సారానీళ్లు. లీటరుకు 20 మిల్లీలీటర్లు పోసినా 60 పోసినా అప్పుడు ఒకటే. ట్యాంకు అడుగు నుంచి కాస్త గాజుసీసాలోకి తీసి కదపకుండా ఉంచితే సంగతి తేలిపోతుంది: మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు, ఆయిలు రంగు పైదానిలో మాత్రమే. ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ విడిపోకుండా ఎక్కువ నీటిని ఓర్చుకుంటుందని కొందరంటారు. నిజమే. కానీ అంత తేమనూ పీల్చుకునేది అదే, చల్లబడిన రాత్రి ఆ ఓర్పు తగ్గిపోతుంది కూడా.

ఆయిలు ఎక్కువైతే నష్టమేమిటని అడగవచ్చు. ఆయిలు పెరిగిన మేరకు పెట్రోలు తగ్గుతుంది. ఇథనాల్‌కు మండటానికి గాలి తక్కువ చాలు కాబట్టి, వట్టి పెట్రోలుకు అమర్చిన పాత కార్బురేటరులో మిశ్రమం అప్పటికే పలచబడి ఉంటుంది. ఇంకా పలచబడితే పిస్టను ఇంకా వేడెక్కుతుంది. పైగా కాలని ఆయిలు మసై ప్లగ్గుకు పట్టి, రింగులను గాడిలో బిగించేస్తుంది. చాలా మోటార్లకు 50కి 1 పాలు చాలు, అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొలపాత్ర లేదనే సాకు అక్కర్లేదు: 180 మిల్లీలీటర్ల ఖాళీ క్వార్టరు సీసా నిండా ఆయిలు సరిగ్గా 9 లీటర్ల పెట్రోలుకు సరిపోతుంది. (ఖాళీ క్వార్టరు సీసాలకు రేవులో ఎన్నడూ కరువు రాలేదు.) మరీ పాత మోటార్లలో కొన్నింటికి కంపెనీ పుస్తకంలోనే 25కి 1 అని ఉంటుంది. వాటికి అదే పాటించాలి, ఉజ్జాయింపు కాదు. కలిపేది కూడా నీటితో చల్లబడే మోటార్లకు తయారుచేసిన టీసీ-డబ్ల్యూ3 ఆయిలే కావాలి. బైకుల 2టీ ఆయిలు చవక కావచ్చు, కానీ అందులోని లోహపు బూడిద అవుట్‌బోర్డు ప్లగ్గు మొన మీద పేరుకుంటుంది.

మిగిలిన పెట్రోలు పారబోయడానికి మాకేమైనా డబ్బు కాస్తోందా అన్నది అసలైన అభ్యంతరం. పారబోయనక్కర్లేదు. నిషేధానికి ముందు వారం ఏ రోజుకారోజు సరిపడా కలుపుకుంటే మిగిలేదే తక్కువ. చివరిసారి మోటారును మంచినీళ్లలో నడిపి, ఉప్పు కడిగి, ఆ నీళ్లలోనే ట్యాంకు గొట్టం తీసేసి దానంతట అది ఆగిపోయేదాకా ఉంచితే కార్బురేటరూ ఖాళీ అవుతుంది. అప్పుడే మరో మూడు చూడాలి. ఇంజను నడిచేటప్పుడు వెనకనుంచి చిమ్మే సన్నటి నీటిధార బలహీనపడితే ముందు నీటి పంపులోని ఇంపెల్లరును అనుమానించాలి. రబ్బరు రెక్కలు కనక ఎండి బీటలు వారతాయి. గేరు ఆయిలు పాలలా తెల్లగా దిగితే సీలు దాటి నీళ్లొచ్చినట్టే. ఫ్యాను వెనక ఇరుసుకు చుట్టుకున్న వలదారం సీలును కోసేయడం దానికి తరచూ కారణం. రబ్బరు గొట్టాలు, చేత్తో నొక్కే బల్బు గట్టిపడ్డా మెత్తబడ్డా మార్చాలి, పాత రబ్బరుకు ఇథనాల్ పడదు.

మత్స్యశాఖను కోరేది చిన్నదే. సబ్సిడీ మోటారుతోపాటు గీతలున్న కొలసీసా ఒకటి, పెట్రోలు నిలవ గురించి తెలుగులో ఒక అట్ట ఇవ్వాలి. రేవుల దగ్గరి బంకుల్లో ఇథనాల్ శాతాన్ని దూరం నుంచే కనబడేంత అక్షరాల్లో రాయించాలి. ఇవి మార్చి నెలాఖరుకల్లా జరిగితేనే ఈ ఏడాదికి పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ