ఆ మోత మన గడప నుంచే

సాయంత్రమైతే చాలు, నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, పాలమూరు క్లాక్‌టవర్ దగ్గరైనా ఒకటే మోత. బండి కనబడకముందే చప్పుడు చెవుల్లో పడుతుంది. ఉయ్యాలలో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. కాలేజీ విడిచే వేళకు ఆడపిల్లల పక్కనుంచి కావాలనే ఎక్సలేటర్ తిప్పుతూ పోయేవాళ్లు కొందరు. 'మగపిల్లల సరదా, ఏం చేస్తాం!' అని మనం సరిపెట్టుకుంటున్నాం.

అది సరదా కాదు, నేరం. ఇంజను నుంచి ఒత్తిడితో వచ్చే పొగ చప్పుడును అణచడానికే సైలెన్సర్. దాన్ని తీసి ఖాళీ గొట్టం బిగిస్తే మిగిలేది మోతే. ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. కంపెనీ ఇచ్చిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదన్నది 1988 చట్టంలోని 52వ సెక్షన్. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట ఖాయం చేసింది. శబ్ద ప్రమాణాలు మీరిన బండి మొదటిసారి దొరికితే, 2019 సవరణ తర్వాత చట్టంలో ఉన్న శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నడిపినవారికే కాదు, నడపనిచ్చినవారికీ!

ఇక్కడే తల్లులు జర ఆలోచించాలి. చీటీ ఎత్తి, గాజులు కుదువబెట్టి కొడుక్కి బండి కొనిస్తాం. చాలా ఇళ్లలో కాగితాలు కూడా అమ్మ పేరు మీదే. రేపు నోటీసు ఎవరి పేరున వస్తుంది?

జరిమానా ఒక్కటే కాదు భయం. శబ్ద కాలుష్యంపై సుప్రీంకోర్టు 2005లో ఇచ్చిన పెద్ద తీర్పు వెనుక ఒక ఆడపిల్ల ఉంది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన వార్త అది. పదమూడేళ్ల బాలికపై అత్యాచారం జరుగుతుంటే, పక్కనే లౌడ్‌స్పీకర్ హోరులో ఆమె కేకలు ఎవరికీ వినబడలేదు. తర్వాత ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ప్రశాంతంగా బతకడం కూడా జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. లౌడ్‌స్పీకర్ అయినా, సైలెన్సర్ అయినా హోరు హోరే. అందులో ముందుగా మునిగేది బలహీనుల గొంతే.

పోలీసులు పట్టుకుని తీయించేదాకా ఎందుకు? ఈ ఆదివారమే మీవాడి బండి ఒకసారి స్టార్ట్ చేయించి వినండి. మోత వస్తే మెకానిక్ దగ్గరకు పంపి పాత సైలెన్సర్ పెట్టించండి. డబ్బు మనది, బండి మనది. చెప్పే హక్కూ మనదే.