కూడు అంటే తప్పేంటి?

మా అవ్వ నన్నెప్పుడూ "కూడు తింటివా?" అనే అడిగేది. పోయిన సంవత్సరం హాస్టల్లో చేరిన కొత్తలో నేనూ మెస్‌లో అదే మాట అన్నాను. అందరూ నవ్వారు. "కూడు ఏంటే, తిట్టినట్టుంది!" అంది ఒకమ్మాయి. సెలవులకి హోసూరు వెళ్ళినప్పుడు "కూడు అనకవ్వా, అన్నం అను" అని అవ్వకి చెప్పాను. అవ్వ ఏమీ అనలేదు. అప్పట్నుంచి నన్ను "తింటివా?" అని మాత్రమే అడుగుతోంది.

ఈ సంవత్సరం భాషాచరిత్ర పాఠాలు విన్నాక అది గుర్తొచ్చి సిగ్గేసింది. మా అమ్మది తమిళం. ఆడి నెలలో మారియమ్మ గుడి దగ్గర పోసే కూఴ్‌ని అమ్మ కళ్ళకద్దుకుని తాగుతుంది. ఆ కూఴ్, అవ్వ కూడు ఒకే మాట! తమిళంలో ఴ ఉన్నచోట తెలుగులో చాలాసార్లు డ వస్తుంది: ఏఴు - ఏడు, కోఴి - కోడి, కూఴ్ - కూడు. కన్నడంలో కూళు. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువులో ఈ మూడూ ఒకేచోట ఉంటాయి. తమిళంలో ముఖ్యంగా జావకి నిలిచిన పేరు, తెలుగులో వండిన బియ్యానికీ మొత్తం తిండికీ వచ్చింది. బ్రౌన్ 1852 నిఘంటువులోనూ కూడుకి అర్థం అదే.

అన్నం సంస్కృతం. 'అద్' అంటే తినడం, అన్నం అంటే తినబడినది. మంచి మాటే, నాకేం కోపం లేదు. కానీ అది పీట వేసుకుని కూర్చున్నాక కూడు పిండాకూడుకీ, పాపపు కూడుకీ మిగిలింది. తమిళంలో సాదం ముందు సోరుకీ ఇదే గతి. అమ్మ వాళ్ళింట్లో చుట్టాలొస్తే సోరు అనరు.

నాకనిపించేదేంటంటే, ఆ మాట ఎక్కువగా కూలికెళ్ళేవాళ్ళ నోట్లో మిగిలింది కాబట్టే మనకది మోటైంది. మా అవ్వ కూలికెళ్ళే మా నాన్నని చదివించింది. "కూటికోసం కోటి విద్యలు" అని మనం వ్యాసాల్లో గొప్పగా రాస్తాం. ఆ కూటి ఏంటి, కూడే కదా! అక్కడ లేని మోటుతనం అవ్వ నోట్లో ఎలా వచ్చింది? (మెస్‌లో ఇప్పుడు అన్నం కూడా పోయి రైస్ అయింది. దానికి ఎవరూ నవ్వరు.)

మీ ఇళ్ళలో ఈ మాట ఇంకా వినిపిస్తుంటే నాకు చెప్పండి, రాసుకుంటాను. దసరాకి ఇంటికెళ్ళి అవ్వకి ఇదంతా చెప్పాలి. తను మళ్ళీ ఆ మాటతో నన్ను అడుగుతుందో లేదో తెలీదు.