పడినా చప్పట్లే!

బ్రెజిల్‌లో కపోయెరా అని, ఆటా పాటా కుస్తీ కలగలిసిన విద్య ఉంది. వీధిలో ఆడితే నేరమని 1890లో చట్టం చేశారు. 2014లో యునెస్కో ఆ ఆట వలయాన్నే మానవాళి వారసత్వంగా గుర్తించింది. అదలా ఉంచండి.

కొత్తవాళ్లని చేర్చుకునే వేడుక ‘బతిజాదో’. అందరూ గుండ్రంగా చేరి, ఒంటితీగ బెరింబావ్ వాద్యానికి పాడుతూ చప్పట్లు కొడుతుంటే, గురువుగారు కొత్తమ్మాయితో ఆడి ఒడుపుగా కింద పడేస్తారు. లేచాక నడుముకి మొదటి రంగుతాడు. పడితేనే మనమనిషి సుమండీ! నాకిది ఎంత నచ్చిందో.

నచ్చనిదల్లా చాలా బృందాల్లో అప్పుడే తగిలించే మారుపేరు. ఒకప్పుడు పోలీసుల కళ్లు కప్పడానికి పనికొచ్చిందంటారు, సరే. ఇప్పుడది పిల్ల లావునో, రంగునో వెక్కిరించేదైతే? చుట్టూ అందరూ నవ్వుతుంటే వద్దనగలదా? ‘నీకిష్టమేనా అమ్మా’ అని ముందే అడిగితే ఏం పోయింది?