చూచిరాతపై ఎంబీఏ విద్యార్థుల సర్వసభ్య సమావేశ తీర్మానం

ఈ కళాశాల ఎంబీఏ ప్రథమ, ద్వితీయ సంవత్సరాల విద్యార్థుల సర్వసభ్య సమావేశం విద్యార్థి సంఘం అధ్యక్షురాలి అధ్యక్షతన సెమినార్ హాలులో జరిగింది. ఇద్దరు అధ్యాపకులు పరిశీలకులుగా హాజరయ్యారు, ఓటింగులో పాల్గొనలేదు. చర్చ రెండున్నర గంటలు సాగింది. సవరణల అనంతరం మెజారిటీ ఓటుతో ఆమోదం పొందిన తీర్మాన పాఠం ఇది.

గత సెమిస్టరులో కార్పొరేట్ గవర్నెన్స్ సబ్జెక్టు కింద సత్యం కంప్యూటర్స్ కేసుపై నివేదికలు ఇచ్చాం. ఆ కంపెనీ చైర్మన్ 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. మూడు బృందాల నివేదికల్లో ఆ అంకె 5,400 అని పడింది. మూడింటిలోనూ అదే పేజీ, అదే పేరా. ఆ పొరపాటు ఆ మూడు బృందాలదీ కాదు. రెండేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎవరో టైపు చేస్తూ అంకెలు తారుమారు చేశారు. ఆ ఫైలు 'సీనియర్ల డ్రైవ్'లో ఉండిపోయింది. మనవాళ్లు దించుకుని, అట్ట మీద పేర్లు మార్చి ఇచ్చేశారు. లేని డబ్బును ఉన్నట్టు చూపిన కేసుకు, చేయని పనిని చేసినట్టు చూపిన నివేదికలు. ఆ బృందాలకు సున్నా వేశారు, వ్యవహారం అక్కడితో సద్దుమణిగింది. సద్దుమణగకూడదని ఈ సమావేశం భావిస్తున్నది. ఎందుకంటే ఆ డ్రైవ్ ఎన్నడూ తెరవనివారు చేతులెత్తమని అధ్యక్షురాలు అడిగినప్పుడు లేచిన చేతులు చాలా కొద్ది.

ద్వితీయ సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టుల సంగతీ ఈ సమావేశానికి తెలుసు. వర్కింగ్ క్యాపిటల్ మీదో రేషియో ఎనాలిసిస్ మీదో రిపోర్టు అడిగితే, కంపెనీ పేరు మార్చి, బైండింగు చేసి చేతిలో పెట్టే దుకాణాలు నగరంలో ఉన్నాయి. పేరు మార్చడం మరిచిపోయిన చోట సిమెంటు కంపెనీ రిపోర్టు మధ్యలో పాల డెయిరీ ప్రత్యక్షమవుతుంది. వైవాలో అందరూ నవ్వుకుంటారు, గైడు సంతకం పడుతుంది. ఆ నవ్వులో మనమూ ఉన్నామని ఈ సమావేశం నమోదు చేస్తున్నది.

దీనికి చట్టం ఉంది కదా, మళ్లీ మన తీర్మానం దేనికి అని కొందరు సభ్యులు ప్రశ్నించారు. యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలను ఈ సమావేశం పరిశీలించింది. వాటి ప్రకారం సారూప్యత 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఒక స్థాయి, 60 వరకు మరొకటి, ఆపైన మూడోది. మూడో స్థాయిలో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే ఆ నిబంధనలు థీసిస్‌లకు, డిసర్టేషన్‌లకు, పరిశోధన వ్యాసాలకు. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని నిర్వచనంలోనే రాసి ఉంది. అంటే రెండేళ్ల ఎంబీఏలో మనం రాసేదంతా దాదాపుగా ఆ గీతకు బయటే ఉంది. (10 శాతం దాకా దించుకోవచ్చని ఆ నిబంధనకు హాస్టల్లో ఒక భాష్యం చలామణీలో ఉంది. అది మినహాయింపే గానీ కోటా కాదని సభ్యులు గమనించగలరు.) చట్టం వదిలిన చోట మాట ఇచ్చిపుచ్చుకోవలసింది మనమే.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. విద్యార్థుల మోసాలపై పరిశోధించిన డోనల్డ్ మెకేబ్, ఆయన సహచరులు అమెరికా, కెనడాల్లోని 32 విద్యాసంస్థల్లో 5,000 మందికి పైగా పీజీ విద్యార్థులను అడిగి 2006లో ఫలితాలు ప్రచురించారు. అంతకు ముందు ఏడాదిలో ఒక్కసారైనా మోసం చేశామని బిజినెస్ విద్యార్థుల్లో 56 శాతం, మిగతా కోర్సులవారిలో 47 శాతం ఒప్పుకున్నారు. మిగతావారూ పుణ్యాత్ములేమీ కారు గానీ, ముందున్నది మన వర్గమే. మెకేబ్, లిండా ట్రెవినో 1993లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకా పనికొచ్చే సంగతి ఉంది. విద్యార్థి మోసం చేస్తాడా లేదా అన్నదానికి, తోటివారు ఏం చేస్తున్నారని అతను అనుకుంటున్నాడో దానితోనే అన్నిటికన్నా గట్టి సంబంధం కనిపించింది. 'అందరూ చేస్తున్నారు, నేనొక్కడినే మడికట్టుకుని కూర్చోవాలా?' అన్న మాట ఈ హాలులో నాలుగుసార్లు వినిపించింది. ప్లేస్‌మెంట్ల సీజీపీఏ కటాఫ్ చూసి భయపడే విద్యార్థికి ఆ ప్రశ్న నిజమైనదే. దానికి ఒక్కరు జవాబు చెప్పలేరు, బ్యాచ్ మొత్తం కలిసి చెప్పాలి.

కావున ఈ సమావేశం తీర్మానిస్తున్నది:

వచ్చే సెమిస్టరు మొదటి రోజు నుంచి రెండు సంవత్సరాల విద్యార్థులకూ ఆనర్ కోడ్ అమలవుతుంది. తెలుగులో దీన్ని ఏమనాలన్న దానిపై ఇరవై నిమిషాలు పోయాయి. గౌరవ నియమావళి అంటే ప్రభుత్వ సర్క్యులర్‌లా ఉందని, ప్రమాణ పత్రం అంటే కోర్టు గుర్తొస్తోందని అభ్యంతరాలు వచ్చాయి. చివరికి 'మాట పత్రం' ఖాయమైంది. ప్రతి అసైన్‌మెంటు, కేసు నివేదిక, ప్రాజెక్టు మొదటి పేజీలో రెండు వాక్యాలు చేతిరాతతో ఉండాలి: 'ఇది నేను చేసిన పని. ఎవరి సాయం, దేని సాయం తీసుకున్నానో కింద రాశాను.' ఆ కింద నిజంగానే రాయాలి. చాట్‌జీపీటీని అడిగితే ఏం అడిగారో, అన్నయ్య ఎక్సెల్ షీటు సరిచేసి ఇస్తే ఆ సంగతి. బృందం పనిలో ఎవరు ఏ భాగం చేశారో విడివిడిగా రాయాలి. పని చేయని సభ్యుడి పేరు అట్ట మీద వేయడాన్ని స్నేహం కింద జమకట్టరు.

కృత్రిమ మేధ గుర్తింపు సాఫ్ట్‌వేర్ ఇచ్చే శాతాన్ని మాత్రమే ఆధారం చేసుకుని ఏ విద్యార్థినీ దోషిగా తేల్చరాదు. ఈ అంశంపై ఈ సమావేశం గట్టిగా ఉన్నది. అలాంటి పరికరాన్ని ఓపెన్ ఏఐ తానే తయారుచేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో తానే ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవిగా ముద్ర వేశాయి. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి వచ్చిన మన సహవిద్యార్థులు నేర్చుకున్న పదాలతో, పొట్టి వాక్యాలతో జాగ్రత్తగా రాస్తారు. వేటు ముందు పడేది వారి మీదే. అనుమానం ఉంటే పిలిచి పది నిమిషాలు ప్రశ్నలు అడగాలి, తెలుగులో జవాబు చెప్పినా స్వీకరించాలి.

చూసినవారు చెప్పాలా వద్దా అన్న అంశం మీద సభ నిజంగా చీలిపోయింది. చాలా ఆనర్ కోడ్‌లలో, తప్పు చూసి మౌనంగా ఉండటమూ తప్పే. ఆ నిబంధన యథాతథంగా పెట్టాలని ఒక వర్గం కోరింది. ఒకే గదిలో పడుకుని, ఒకే బండి మీద కాలేజీకి వచ్చేవాళ్లు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు పెట్టుకుంటే మిగిలేది చాడీలేనని రెండో వర్గం వాదించింది. రెండో వర్గం మాటల్లో కొంత పిరికితనం ఉంది, కానీ నిజమూ ఉంది. మొదటి ఏడాదే ఒకరి పేరు విచారణ కమిటీకి చేర్చమంటే ఎవరూ చేర్చరు. పాటించని నిబంధన ఒకటి ఉంటే మిగతావాటినీ ఎవరూ లెక్కచేయరు. అందుచేత కుదిరిన మధ్యేమార్గం ఇది: చూసినవారు ముందుగా ఆ వ్యక్తికే ముఖం మీద చెప్పాలి. చెప్పడం మాత్రం తప్పనిసరి. మూడు రోజుల్లో అతను స్వయంగా వెళ్లి అధ్యాపకుడి దగ్గర ఒప్పుకుంటే విషయం కమిటీకి రాదు, ఆ పనికి మార్కులు మాత్రమే పోతాయి. ఒప్పుకోకపోతే, తర్వాత కమిటీకి చెప్పాలా లేదా అన్నది చూసినవారి మనస్సాక్షికి వదిలేశాం. ఈ చివరి వాక్యాన్ని పలువురు వ్యతిరేకించారు, వారి అసమ్మతి నమోదైంది. అనుమానం పుట్టకముందే తప్పు ఒప్పుకున్నవారికి వెసులుబాటు ఇవ్వడం కొత్తేమీ కాదు. 1842లో ఆనర్ కోడ్ పుట్టిన వర్జీనియా విశ్వవిద్యాలయంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది.

ఆ విశ్వవిద్యాలయంలోనే చాలా కాలం శిక్ష ఒక్కటే ఉండేది, వెళ్లగొట్టడం. దాన్ని 2022లో విద్యార్థులే ఓటు వేసి మార్చుకున్నారు. ఒకటే శిక్ష, అదీ అంత పెద్దది అయినప్పుడు విచారించేవారి చెయ్యి వణుకుతుంది. మన కమిటీలో ముగ్గురు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు ఉంటారు. తిరిగి రాయించడం నుంచి ఆ సబ్జెక్టు మళ్లీ చదివించడం దాకా సిఫారసు చేయవచ్చు. సస్పెన్షన్, బహిష్కరణ కళాశాల పాలకవర్గం అధికారంలోనే ఉంటాయి. విచారణ పదిహేను రోజుల్లో ముగించాలి. దోషుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టాలన్న సవరణ వీగిపోయింది.

పరీక్ష గదుల్లో ఇన్విజిలేటర్లను తీసేయమని ఈ సమావేశం అడగడం లేదు. 1921 నుంచి ఆనర్ కోడ్ ఉన్న స్టాన్‌ఫోర్డ్‌లోనే పరీక్షలకు పర్యవేక్షకులను పెట్టే విషయం 2023లో మళ్లీ తెరమీదికి వచ్చింది. మనం ఇంకా మొదలే పెట్టలేదు.

అధ్యాపకులకు రెండు విన్నపాలు. ఏది కలిసి చేయవచ్చో, ఏది ఒంటరిగా చేయాలో ప్రతి అసైన్‌మెంటు మీద రాతపూర్వకంగా చెప్పాలి. డ్యూక్ విశ్వవిద్యాలయం ఫుక్వా బిజినెస్ స్కూల్లో 2007లో ఇంటికిచ్చిన పరీక్షను కలిసి రాసిన వ్యవహారంలో 34 మంది మొదటి సంవత్సరం ఎంబీఏ విద్యార్థులు దోషులుగా తేలారు. 9 మందికి బహిష్కరణ, 15 మందికి ఏడాది సస్పెన్షన్ విధించాలని నిర్ణయించారు. పుస్తకాలు చూసి రాయవచ్చన్న పరీక్షలో పక్కవారిని అడగడం ఏపాటి తప్పు అనుకునేవారు మన దగ్గరా తక్కువేం లేరు. రెండో విన్నపం, ఒకే కేసును ఒకే ప్రశ్నలతో ఏటా ఇవ్వవద్దు. దించినవాళ్లది తప్పే. కానీ ప్రశ్న మారకుండా ఉన్న చోటే పాత జవాబుకు గిరాకీ.

సీనియర్ల డ్రైవ్‌ను తొలగించాలన్న ప్రతిపాదనను ఈ సమావేశం తిరస్కరించింది. తొలగిస్తే వారంలో ఇంకో పేరుతో పుడుతుంది. దాని లింకును వచ్చే సోమవారం సాయంత్రం 5 గంటలలోగా విద్యార్థి సంఘం కార్యదర్శి లైబ్రేరియన్‌కు అప్పగించాలి. అధ్యాపకులతో సహా ఎవరైనా లైబ్రరీ కంప్యూటర్లలో దాన్ని చూడవచ్చు. సత్యం కేసు నివేదికలో 5,400 అన్న అంకెను ఎవరూ దిద్దరాదు, ఆ ఫైలు ఉన్నది ఉన్నట్టే ఉంచాలి.