రామములగ: తూకమా, రుచియా?



బార్కస్ అనగానే నేటివారికి మందీ గుర్తుకు వస్తుంది. నా ఈడువారికి జామపండు గుర్తుకు వస్తుంది. నిజాముల కాలంలో అరబ్బు సైనికుల బారకాసులుండిన ఈ పేటలో, ఒకప్పటి జామతోటల చోట ఇండ్లు లేచినవి. నేల కరవై మొక్కలు మేడ మీది కుండీలలోకి ఎక్కినవి. కుండీలో ఇమడాలంటే మొక్క పొట్టిదై ఉండాలి కదా! ఆ విధంగానే నాకు పొట్టి టమాటాలతో పరిచయం కలిగింది. నిఘంటువులు దీనిని రామములగ అన్నవి గానీ, జీవితమంతా తెలుగు బోధించిన నేనే కూరగాయల బండి దగ్గర ఆ మాట వాడి ఎరుగను.

నిరుటి చలికాలం నాలుగు కుండీలలో పొట్టి సంకరజాతిని, నాలుగింట నాటు రకాన్ని పెంచాను. పొట్టివి మూడు వారాలలోనే విరగకాసి ముగించినవి. నాటువి కర్రల ఊతతో పెరిగి, ఎండలు ముదిరేదాకా నాలుగేసి పండ్లు ఇస్తూ వచ్చినవి. తూకంలో గెలుపు పొట్టివాటిదే. కాని నాటు పండ్ల చారుకు మా ఇంటావిడకు చింతపండు అవసరమే పడలేదు. రెండు రకాలనూ పేరు చెప్పకుండా పొరుగింటి ఖాలాకు పంపితే, ఆమె టమాటే కా కట్ వండి, మరునాడు కబురంపింది: "మాస్టర్ సాబ్, భుజాలు పచ్చగా ఉన్న ఆ పండ్లు ఇంకా ఉన్నాయా?"

ఆ పచ్చని భుజాలలోనే రహస్యమున్నది. కాయ అంతా ఒకే రంగులో ఉండి సమంగా పండితే కోతకు సులువని, మార్కెట్ రకాలలో ఆ లక్షణాన్నే ఏరికోరి నిలిపారు. దానికి కారణమైన జన్యుమార్పే కాయలో పత్రహరితాన్ని, దానితోపాటు చక్కెరను తగ్గిస్తున్నదని 2012లో 'సైన్స్' పత్రికలో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అందానికి రుచి బలి అయిందన్నమాట!

అట్లయితే పొట్టితనమే దోషమా? కాదు. పొట్టి అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు గుణాలున్నవి. మొదటిది 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనబడిన గుణం: కొమ్మ చివర పూగుత్తి వేసి పెరుగుదల ఆగిపోతుంది. కొద్దిపాటి ఆకులే అన్ని కాయలనూ ఒక్కసారి పోషించాలి గనుక తీపి పలచబడుతుంది. రెండవది నిజమైన మరుగుజ్జు: బలిసిన కాండం, ముడుతల ఆకులు, నెమ్మదిగా సాగే పెరుగుదల. ఈ మరుగుజ్జులను పాతకాలపు రుచికరమైన రకాలతో సంకరం చేసి, అమెరికాలో క్రెయిగ్ లహూలియర్, ఆస్ట్రేలియాలో పట్రీనా నుస్కే-స్మాల్ ముందు నిలువగా, అనేకమంది పెరటి తోటమాలులు వందకు పైగా రకాలు సాధించారు. అడిగినవారు రుచిని అడిగారు; మొక్క రుచినే ఇచ్చింది.

మదనపల్లె మార్కెట్టుకు పంపే రైతును నేను తప్పుపట్టను. అతనికి ధర కట్టేది బరువును చూసి; పలుచని తోలు పండు లారీలో నలిగితే నష్టం అతనిదే. కాని మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్న మనకెందుకు ఆ తూకపురాళ్లు? పద్యాల సంఖ్యను బట్టి కావ్యానికి విలువ కట్టినట్లున్నది మన వ్యవహారం!

మరొక మాట. సంకరజాతి పండు గింజ నాటితే తల్లి గుణం నిలువదు, ఏటేటా కొనవలసిందే. నాటు గింజ ఇంట దాచుకోదగినది, కాని దాచేవారు లేనినాడు ఆ రకమే అంతరిస్తుంది. ఈ పేట జామతోటలు పోతున్నప్పుడు మేమెవ్వరమూ ఒక్క అంటైనా కట్టి ఉంచుకోలేదు. ఆ తప్పు మరల చేయలేను. నాటు గింజలను బూడిదలో కలిపి, ఎండబెట్టి, పొట్లం కట్టి ఉంచాను. సగం ఖాలా ఇంటికి చేరినవి. మిగిలినవి అడిగినవారివి, షరతు ఒక్కటే, వచ్చే ఏడు మీరూ మరొకరికి ఇవ్వాలి.