మండలదీక్ష

ఈ వేసవి సెలవులలో నేను మొగల్తూరులో లేనని మా వీధివారు అనుకున్నారంటే అది వారి తప్పు కాదు. నిజానికి నేను ఇంట్లోనే వున్నాను. ముందుగదిలో, టీవీ ఎదుట, పడకకుర్చీలో. మనసు మాత్రం ఆకాశంలో తిరిగే ఓడ మీద వుండేది.

దోషం మా అమ్మాయిది. ఆగస్టులో పైచదువుకు అమెరికా వెళ్లవలసిన పిల్ల. "నాన్నగారూ, ఈ సెలవుల్లో మీరూ నేనూ కలిసి 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' మొత్తం చూసేద్దాం" అన్నది. 1987 నుంచి 1994 దాకా ఏడు విడతలుగా అమెరికాలో నడిచిన ధారావాహిక అది. భాగాలు 178. రోజుకు నాలుగు చొప్పున నలభై అయిదు రోజులని లెక్క కట్టింది. ఇలా చూడడానికి ఇంగ్లీషులో ఏదో పేరుందట. 'ఏకబిగిని చూడడం' అంటే చాలునని నేను సవరించాను. మా ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "మండలదీక్ష అనండి, కాస్త పుణ్యమైనా వస్తుంది" అన్నది.

మొదటి వారం గడవడం కష్టమే అయింది. తొలి విడత కథలు చాలామటుకు పస లేనివి. రెండో విడతలో డాక్టరమ్మను మాయం చేసి, మూడో విడతలో మళ్లీ తీసుకువచ్చారు. వారపత్రికల నవలలు చదివి పెరిగినవాణ్ణి కనుక నాకిది వింతగా తోచలేదు. ఆ ఓడలో గోడకొక అర వుంటుంది. నోటితో అడిగితే టీ, ఫలహారం, సమస్తం అందిస్తుంది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి మొదటిసారి చూసింది దాన్నే. "పనసపొట్టు కూర ఆవపెట్టి ఇస్తుందేమో కనుక్కోండి" అన్నది. ఆ రాత్రినుంచి ఆమె కుర్చీ కూడా ముందుగదిలోకి వచ్చింది.

కృష్ణంరాజుగారూ చిరంజీవిగారూ మా వూరివారే. కథ అంటే నాయకుడొక్కడే, తక్కినవారంతా ఆయన చుట్టూ తిరిగే గ్రహాలన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన శాస్త్రం. ఇక్కడ అలా కాదు. పికార్డ్ అనే పెద్దమనిషి కెప్టెనే గాని, ఒకనాటి కథ చూపులేని ఇంజనీరుది, ఒకనాటిది పరజాతిలో పుట్టి మనుష్యుల ఇంట పెరిగిన వర్ఫ్‌ది, ఇంకొకనాటిది డేటా అనే యంత్రమానవుడిది. ఉమ్మడి కుటుంబంలా ఎవరి వంతు వారికి వస్తుంది.

ఆ డేటాను విప్పి పరీక్షించాలని ఒక శాస్త్రజ్ఞుడు పట్టుపడతాడు, 1989లో వచ్చిన ఒక భాగంలో. డేటా ఒప్పుకోడు. అతడు మనిషివంటివాడా, సర్కారు సామానా అని విచారణ. డేటాకు వ్యతిరేకంగా వాదించే పని స్నేహితుడైన రైకర్‌మీదే పడుతుంది. సరిగా వాదించకపోతే విచారణే వుండదు, డేటా సామాను కిందే లెక్క. బాగా వాదిస్తే మిత్రద్రోహం. నిండు సభలో అతడు డేటా చెయ్యి ఊడదీసి, చివరకు మీట నొక్కి ఆపేశాడు. మా ఆవిడ లేచి వెళ్లిపోయింది. డేటా గెలిచాడనీ, రైకర్‌ను క్షమించాడనీ వంటింట్లోకి వెళ్లి చెప్పాక గాని తిరిగి రాలేదు.

అయిదో విడత చివర, 1992 నాటి కథ ఇంకొకటి వుంది. పికార్డ్ స్పృహ తప్పి, ఎక్కడో ఒక గ్రహంమీద కళ్లు తెరుస్తాడు. భార్య, పిల్లలు, మనుమడు. పిల్లనగ్రోవి నేర్చుకుంటాడు, ముసలివాడవుతాడు. మెలకువ వచ్చేసరికి ఓడలో గడిచింది ఇరవై అయిదు నిమిషాలు. ఆ గ్రహం నశించి వెయ్యేళ్లయింది. ఆ పిల్లనగ్రోవి మాత్రం చేతికి దక్కుతుంది.

"ఇది మన నారదుడి కథే" అన్నాను. కాకినాడ దగ్గర సర్పవరంలో, కోనేట మునిగి స్త్రీ అయిపోయి, అరవైమంది పిల్లల్ని కని, అందర్నీ పోగొట్టుకుని, మళ్లీ మునిగి నారదుడుగా లేచాడని స్థలపురాణం. మన సంవత్సరాల పేర్లు ఆ బిడ్డలవే నంటారు. అమ్మాయి శ్రద్ధగా విని, "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నది. ఇరవయ్యేళ్లుగా ఊరివాళ్ల పిల్లలందరికీ క్లాసులో చెబుతున్న కథ అది.

ఆ ఓడలో అధికారులు రాత్రిళ్లు చేరి పేకాడుకుంటారు. ఏడేళ్లలో కెప్టెన్ ఒక్కసారీ ఆ బల్ల దగ్గర కూర్చోడు. కట్టకడపటి భాగంలో తలుపు తట్టి లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని తానే ముక్కలు పంచుతాడు. మా ఆవిడ తెరవైపు కాక నావైపు చూసింది. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ పేకాడుతుంటే ఏటా పుస్తకం పట్టుకుని అరుగుమీదికి పోయేవాణ్ణి నేను. కళ్లద్దాలు తుడుచుకుంటూ వుండిపోయాను.

ఆగస్టులో అమ్మాయి డల్లాస్ వెళ్లింది. వెళ్లిన రెండో వారం ఫోన్ చేసి, "తరువాతి కథ 'డీప్ స్పేస్ నైన్' మొదలుపెడదాం, వారానికి ఒక్క భాగమే. నాకంటే ముందు చూడకూడదు" అన్నది. మనకు శనివారం ఉదయం ఏడున్నర, అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిది. మొత్తం 176 భాగాలు. వారానికొకటి అంటే మూడేళ్లు దాటుతుంది. దాని చదువు రెండేళ్లే.

నిన్నటికి తొమ్మిది భాగాలయ్యాయి. పదోది మా ఆవిడ ముందుగానే చూసేసిందని నా అనుమానం. అడగలేదు.